అంచులకు తెల్లరంగు

పోయిన వారం సాయంత్రం, ఇంకా లైట్లు వేయని వేళ, నాలుగేళ్ళ మా బాబు నేలమీద అరచేతులు ఆడిస్తూ ఏదో వెతుకుతున్నాడు. వాడు వెతుకుతున్న బొమ్మ ట్యాంకు వాడి మోకాలికి జానెడు దూరంలోనే ఉంది. పప్పులో గరిట తిప్పుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను. ముఖం ఎటో పెట్టి, చేతులతో నేలను తడుముతూ పోయే ఆ తీరు నాకు కొత్త కాదు, మా తమ్ముడిలో చూసిందే. ఆనాటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇట్లా కూర్చుని, ఎవరికీ చెప్పలేనిది రాసుకుంటున్నాను.

ఆ ట్యాంకు కూడా తమ్ముడిదే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బండి, ఏ దేశపు సైన్యంలోనూ లేనిది, ఎక్కడో వేరే గ్రహం మీది యుద్ధం కోసం ఎవరో ఊహించినది. మా వయసు వాళ్ళకు తెలుసు, కాలేజీ రోజుల్లో నెట్‌లో ఒక పిచ్చి తగులుకుంటే అన్నం కూడా గుర్తుండేది కాదు. తమ్ముడికి తగులుకున్నది బల్ల మీది యుద్ధం. ఇద్దరు ఎదురెదురుగా చిన్న సైన్యాలు పేర్చుకుని, టేపుతో దూరం కొలిచి బండ్లు నడిపి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే ఆట. హసన్‌పర్తి దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు వాడూ వాడి దోస్తులూ కాలేజీ ల్యాబ్‌లోని త్రీడీ ప్రింటర్ మీద ఈ బండ్లను అచ్చు తీసుకునేవారు. బూడిద రంగులో వచ్చేవి. రంగు వేస్తేనే వాటికి ప్రాణం.

మొదట్లో వాడు ఒక్క బండికి నెల రోజులు తీసుకునేవాడు. కాశిబుగ్గలోని మా ఇంటి అరుగు మీద భూతద్దం పెట్టుకుని, ఆవగింజంత బోల్టుకు కూడా మెరుపు పెట్టేవాడు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నేను పక్కన కూర్చుని కుంచెలు కడిగేదాన్ని. ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తాగా చేసే బాపు మిర్చి ఘాటు అంటిన చొక్కాతో తుమ్ముకుంటూ వచ్చి, "ఇంజనీరింగు చదివిస్తే గీ బొమ్మలకు సున్నమేస్తాండ్రా బిడ్డా?" అనేవాడు. అని, మళ్ళీ ఒక బండిని చేతిలోకి తీసుకుని చక్రాలు తిరుగుతాయేమోనని చూసేవాడు.

చిన్నప్పటి నుంచి తమ్ముడు పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. పిరికోడని వాడకట్టంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. రెండో సంవత్సరంలో ఒక మసక సాయంత్రం, కాలేజీ నుంచి వస్తూ ఆగి ఉన్న ఆటోకు బైకు గుద్దాడు. దెబ్బకు కట్టు కట్టిన దవాఖాన వాళ్ళే కళ్ళ డాక్టరుకు చూపించమన్నారు. అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందనీ, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలోదే మిగిలిందనీ, అది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ, మందు లేదనీ చెప్పారు. ఇది తల్లుల నుంచి కొడుకులకు వస్తుందట. అమ్మకు ఏమీ కాలేదు, కానీ అమ్మ అన్నకు రేచీకటి ఉండేది. రేపు నాకు కొడుకు పుడితే వాడికీ రావచ్చని అదే గదిలో అన్నారు. పెళ్ళే కాని నాకు ఆ మాట ఎవరి గురించో అన్నట్టే వినిపించింది.

ఇంటికి వచ్చి అమ్మ మంచం పట్టింది. తమ్ముడు మాత్రం అటక మీది డబ్బా దించాడు. అందులో రంగు వేయని బండ్లు సగం సైన్యం ఉన్నాయి.

"అక్కా, ఇగ చిన్నగ వేసుడు కుదరది. జల్ది జల్ది కొట్టేద్దాం."

అట్లా మొదలైంది మా తొందర. బండ్లన్నిటినీ అట్టముక్క మీద వరుసగా అంటించి, డాబా మీద ఒక్కసారే నల్ల స్ప్రే కొట్టేదాన్ని. ఆరాక పైనుంచి మాత్రమే ఆకుపచ్చ, ఎండ పడినట్టు. గిన్నెలు తోమే స్పాంజి ముక్కను గోధుమరంగులో అద్ది, గీరుకుపోయిన ఇనుములా మూలలకు తట్టేవాళ్ళం. నీళ్ళ రంగు పోస్తే సందుల్లోకి తానే పారి నీడలయ్యేది. నెల పట్టే పని ఒక పూటకు వచ్చింది. వాడు బండిని చూస్తే పక్కనున్న నీళ్ళ గ్లాసు కనిపించేది కాదు, అందుకే రోజూ ఏదో ఒకటి ఒలికేది. ఒకసారి కుంచెను నా చాయ్‌లో ముంచాడు. నేను అరిచేలోగా తన చాయ్ అనుకుని రంగునీళ్ళు ఒక గుక్క తాగి, "ఇయ్యాల చాయ్ మంచిగనే వెట్టినవక్కా" అన్నాడు. లోపల మంచం మీద నుంచి అమ్మ కూడా నవ్వింది. ఎన్నో రోజులకు నవ్వింది.

రానురాను పచ్చా గోధుమా వాడికి ఒకటే అయ్యాయి. అప్పుడు అంచులకు తెల్లరంగు వేయమన్నాడు. కుంచెకు రంగు అంటించి, పాతగుడ్డకు తుడిచేసి, ఉందా లేదా అన్నంత మిగిలాక బండి మీద అటూ ఇటూ రుద్దితే, ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే తెల్లగా లేస్తాయి. ఆఖరి బండ్లకు అదొక్కటే వేశాం, నలుపు మీద తెలుపు అంచు.

సైన్యం పూర్తయిన ఆదివారం దోస్తులు వచ్చారు. హాల్లో జంపఖానా పరిచి దాన్నే యుద్ధభూమి చేశారు. తమ్ముడు ఎదురుగా వచ్చిన ప్రతి బండినీ కొట్టాడు, పక్క నుంచి వచ్చినవి మాత్రం ఒక్కటీ చూడలేదు. "అరేయ్, పక్కకు చూడురా! నీ పక్కపొంటే ఉన్నయ్ గదరా!" అని ఒకడు గట్టిగా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆగిపోయాడు. ఎవరూ పాచికలు ముట్టలేదు. తమ్ముడే అన్నాడు, "పక్కల నుంచి రాకుండ్రి రా. నా ముందట్నుంచే రాండ్రి." ఆ తర్వాత అందరూ ముందునుంచే వచ్చారు. అయినా వాడు ఓడిపోయాడు.

ఇప్పుడు వాడికి వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుంది. నా కొడుకు పుట్టినప్పుడు సైన్యమంతా వాడికి ఇచ్చేశాడు.

మొన్న బాబును హైదరాబాదు తీసుకుపోయాం. రక్తం తీసుకున్నారు, ఫలితం ఇంకా రాలేదు. మా ఆయన ఫికర్ చేయొద్దంటారు. కానీ ఆ డాక్టరమ్మ వాడి కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసి, చీకటి పడ్డాక బాబును ఒక్కడినే వదలకండి అన్నది. అన్నదేమో మామూలుగానే అన్నది.

తమ్ముడికి చెప్పలేదు. నిన్న వాడు ఫోన్ చేస్తే బాబు లాక్కుని, "మామా, నీ ట్యాంకు దాక్కుంటాంది" అని చాడీ చెప్పాడు. ఫోన్ నా చేతికి వచ్చాక తమ్ముడు సంగతేమిటని అడగకుండానే అన్నాడు.

"అక్కా, అంచులు మాసినయేమో. మళ్ళొక్కసారి తెల్లగ కొట్టు."

ఈ రాత్రి అదే చేశాను. చేయి మరిచిపోలేదు. అప్పట్లో ఒలికిన నీళ్ళకు కూడా నవ్వేవాళ్ళం. డబ్బా ఖాళీ అయ్యేదాకా చూపు ఉంటే చాలని, ఆ ఒక్క పందెం మీదే బతికాం, గెలిచాం కూడా. ఇప్పుడు ఈ పిల్లవాడి డబ్బాలో బడి ఉంది, అక్షరాలు ఉన్నాయి, చూడాల్సిన సమస్తం ఉంది. ఎంత జల్దీ చేస్తే మాత్రం ఏది పూర్తవుతుంది? పక్కన కుంచె కడిగేవాళ్ళు లేరు. వీధిలో ఎవరినీ పిరికోడని నేనిప్పుడు నవ్వలేను.

బండ్లను కిటికీ గట్టున ఆరబెట్టి, లైటు ఆర్పి, బాబు కూర్చునే చోట నేలమీద కూర్చుని ఎదురుగా చూశాను. నాకు అన్నీ కనిపిస్తున్నాయి. పక్కన ఉన్నవి కూడా.