మందు కొట్టని పది సాళ్ళు

ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనకి నేను గురువుని. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లకి పురుగుల లెక్క నేర్పాను. మార్టూరు దాకా ఎవరినడిగినా చెబుతారు.

మార్టూరు దాకా అన్నది కొంచెం ఎక్కువైంది. మా వీధి చివరిదాకా అనుకోండి. నేర్పింది కూడా ఆ పిల్లే.

కిందటి మిరప పంటకి మా చేలోకి వచ్చింది. నల్ల తామర పురుగు మీద ప్రాజెక్టు. రోడ్డు పక్క పది సాళ్ళకి ఏమీ కొట్టకూడదు, మిగతా చేనుకి వేపనూనె కొట్టాలి. ఆ పదీ ఉంటేనే వేపనూనె పనిచేసిందో లేదో తేలుతుందట. అవి పాడైతే పోల్చడానికేమీ మిగలదు, ప్రాజెక్టు మళ్ళీ వచ్చే పంటకే, డిగ్రీ ఒక ఏడాది వెనక్కి. ఇదంతా మొదటిరోజే చెప్పింది. నేను పెద్దమనిషిలా తలూపాను.

వారానికి రెండుసార్లు వచ్చేది. ఒక్కో పువ్వునీ తెల్ల కాగితం మీద దులిపి, రాలిన పురుగుల్ని భూతద్దంతో చూసి లెక్క రాసుకునేది. ఇన్నేళ్ళుగా పురుగుల్ని చంపడమే గానీ ఒక్కదాని మొహమూ చూసినవాణ్ణి కాను. ఆ అద్దంలోంచి చూస్తే దాని రెక్క అంచున దువ్వెన పళ్ళలాగా వెంట్రుకలు. ఇంత చిన్నదానికి అంత సింగారం దేనికో అని అడిగాను. తనకీ తెలీదంది, చదివి వచ్చి చెబుతానంది. ఆమె రాని రోజుల్లో నేనే కాగితం పట్టుకుని చేలో కూర్చునేవాణ్ణి.

చిక్కల్లా ఆ పది సాళ్ళూ రోడ్డు పక్కనే ఉండటం. మా ఊళ్ళో రైతు పనితనాన్ని రోడ్డుమీంచి కనబడే సాళ్ళని బట్టే కొలుస్తారు. అక్కడ ఆకులు ముడుచుకుపోతుంటే టీ కొట్టు దగ్గర ఊరుకుంటారా?

"ఏరా, స్ప్రేయర్ ఎత్తలేకపోతున్నావా? మమ్మల్ని రమ్మంటావా?"

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోరోజు పొద్దున్నే ట్యాంకు వీపుకెత్తుకుని ఆ సాళ్ళకి పురుగుమందు కొట్టేశాను.

రెండ్రోజులకి అమ్మాయి వచ్చింది. మొదటి సాలులో పది పువ్వులు దులిపింది. కాగితం తెల్లగానే ఉంది. రెండో సాలూ అంతే. మొన్నటి వానకి కొట్టుకుపోయాయేమో అన్నాను.

"వేపనూనె సాళ్ళ మీద వాన పడలేదా తాతగారూ? అక్కడ పురుగులున్నాయిగా?"

ఒప్పేసుకున్నాను. ఆమె తిట్టలేదు. మూడో సాలు నుంచి మళ్ళీ దులపడం మొదలుపెట్టింది. ఏడో సాలు దగ్గర కాగితం మీద నల్లగా పాకాయి. చివరి నాలుగు సాళ్ళకీ మందు పడలేదు. వాళ్ళ సారుకి ఫోన్ చేస్తే, జరిగింది జరిగినట్టు రాసి ఆ నాలుగింటితోనే పూర్తి చెయ్యమన్నారట. అలాగే చేసింది, ఆ ఏడాదే పాసైంది.

ఆ నాలుగు సాళ్ళ సంగతి ఎవరడిగినా, చదువుకునే పిల్ల గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయిందని చెబుతూ వచ్చాను. మొన్న తన రిపోర్టు కాపీ ఇవ్వడానికి వచ్చిన ఆ అమ్మాయికీ అదే చెప్పాను. మజ్జిగ తెస్తున్న నా భార్య గుమ్మంలోనే ఆగింది.

"చెయ్యి ఆగడం కాదమ్మా, ట్యాంకులో మందైపోయింది. ఇంకో ట్యాంకు కలపడానికి నన్ను నీళ్ళు మొయ్యమన్నాడు. నేను మొయ్యనన్నాను."