అక్క పోయిన రోజు వచ్చిన స్పందనలు

ఉదయం ఏడూ పదికి మదనపల్లెలో పాల ప్యాకెట్ కత్తిరిస్తుండగా ఫోన్ మోగింది. పుంగనూరులో మా అక్క చనిపోయిందని బావ చెప్పాడు.

నేను డిగ్రీ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. వాళ్లు లోతుగా ఆలోచించాలని చర్చ పేజీలో ఒక నియమం పెట్టాను. అక్కడ ఎవరేం రాసినా మిగతావాళ్లు ఒక అభిప్రాయం, ఒక ప్రశ్న రాయాలి. రాస్తే రెండు మార్కులు. ఆ నియమం మీద నాకు కొంత గర్వం కూడా ఉండేది.

"మా అక్క చనిపోయింది. ఈ రోజు క్లాసు లేదు" అని కంగారులో ఆ పేజీలోనే రాసి బస్సెక్కాను.

సాయంత్రం దహనం అయ్యాక చూస్తే ముప్పై ఒక్క స్పందనలు. "చక్కటి అంశం సార్. మీతో ఏకీభవిస్తున్నాను. దీనివల్ల సమాజానికి కలిగే ప్రయోజనాలేమిటి?" దాదాపు అందరివీ అవే మాటలు.

"పిల్లోళ్లు ఏమంటాండారప్పా?" అని బావ అడిగాడు.

"బాధపడతాండారు బావా" అన్నాను.

అంతలో కుప్పం నుంచి ఒక విద్యార్థిని ఫోన్ చేసింది.

"తప్పయిపోయింది సార్. మార్కులు పోతాయని సదవకుండానే పెట్టేసినాను. ఇప్పుడే సూసినాను."

"పర్వాలేదమ్మా."

"మీ అక్క మిమ్మల్ని ఏమని పిలుస్తా ఉన్నింది సార్?"

ఏడాదిగా మార్కులు వేసి నేను రాబట్టలేకపోయిన ప్రశ్న అది. జవాబు చెప్పాను. స్పందనలకు మార్కులు ఆ వారమే ఎత్తేశాను. అక్క పిలిచే ఆ పేరుతో ఇప్పుడు నన్నెవరూ పిలవడం లేదు.