పసుపు అనే ఫాంటు

నాకు క్షమాగుణం తక్కువ. మా మేనేజరు విషయంలో అయితే ఉన్న ఆ కాస్త కూడా వాడలేదు.

మా ఆఫీసు తిరుపతిలో, ఒక టిఫిన్ హోటలు పైన. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు వేసే ప్రెస్సులకు డిజైన్ సాఫ్ట్‌వేరు తయారు చేస్తాం. అందులో ఫాంట్ల సంగతి చూసే భాగం నాది. కంప్యూటరులో ఉన్న అక్షరాలకూ, వాటిని అడిగే ప్రోగ్రాములకూ మధ్య కూర్చునే గుమాస్తా అనుకోండి. ఫలానా ఫాంటు ఉందా అంటే ఉందో లేదో చెప్పాలి, ఉంటే తెచ్చివ్వాలి, కొత్తది వస్తే చేర్చుకోవాలి. మేము దాన్ని ఇంటర్‌ఫేసు అంటాం. ఏ ప్రశ్న ఎలా అడగాలి, దానికి ఏ జవాబు రావాలి అని తేల్చడమే ఆ డిజైన్ పని.

నేను పెరిగింది పాకాలలో, మా నాయన ప్రెస్సులో. మా వైపు ప్రెస్సుల్లో ఫాంటుకు అసలు పేరు నిలవదు. ఎవరి దగ్గరినుంచో పెన్ డ్రైవులో తెచ్చుకుని, పక్క ప్రెస్సువాడికి దొరక్కుండా తమకు నచ్చిన పేరు పెట్టుకుంటారు. ఇంకో అలవాటు కూడా ఉంది. చావు ఉత్తరాలకు, అంటే కర్మక్రియల పత్రికలకు, ఒక మందపాటి అక్షరం ఉంటుంది. దాన్ని ఇంక దేనికీ వాడరు. చూడగానే, చదవకముందే, ఎవరు పోయారని అడుగుతారు. బోణీ వేళ చావు మాట నోట రాకూడదని దానికేదో మంచి పేరు పెట్టి పిలుస్తారు. మా నాయన తులసి అని పెట్టాడు. చిత్తూరులో ఒక పెద్ద ప్రెస్సులో దాని పేరు పసుపు. మా ఆఫీసులో పసుపు అంటే మాత్రం ఒంపులు తిరిగిన సన్నటి పెళ్లి అక్షరం.

ఇవన్నీ తెలుసు కాబట్టి రెండు నియమాలు పెట్టాను. ఫాంటును పేరుతో కాదు, అక్షరాల ఆకారంతో గుర్తుపట్టాలి. అడిగినది లేకపోతే లేదని చెప్పి ఆగిపోవాలి. మేనేజరు రెండూ తీసేయమన్నాడు.

"పేరు కలిస్తే సాలదామ్మా? ఆకారాలు పోల్సుకుంటా కూసుంటే ఎంతసేపు పడతాది? పైగా లేదంటే కస్టమరుకు కోపమొస్తాది."

"ఒకే పేరుతో ఒక్కో ప్రెస్సులో ఒక్కో ఫాంటు ఉంటాది సార్. సావు ఉత్తరాల అక్షరానికి కూడా మంచి పేర్లే పెడతారు. చిత్తూర్లో దాన్ని పసుపంటారు."

ఆయన నవ్వాడు. "అయ్యన్నీ మీ పాకాల కతలు."

ఆ తర్వాత కూడా చెప్పాను. చెప్పినప్పుడల్లా అదే నవ్వు. చివరికి ఆయన అన్నట్టే చేశాం.

చిత్తూరులో ఒక కల్యాణమండపంలో ప్రెస్సు ఓనర్లను పిలిచి సాఫ్ట్‌వేరు చూపించారు. మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి రెండో వరుసలో కూర్చున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లకు "ఫాంట్ల పనంతా మా పాపదే" అని చెప్పుకున్నాడు. మేనేజరు మైకు పట్టుకుని ఆ డిజైన్ తనకెలా తట్టిందో వివరించాడు. తెర మీద నేను గీసిన బొమ్మలే వేశాడు. చివర్లో నన్ను లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయి టైపింగులో సాయం చేసింది, చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు. మా నాయన కూడా కొట్టాడు, పక్కవాళ్ల వైపు చూడకుండా. ఇద్దరం బస్సులో పాకాల వెళ్లాం. దిగేముందు, "టైపింగు కూడా మంచి పనే పాపా" అన్నాడు.

ఇదే మండపంలో, ఇదే మైకులో, మా నాయన ముందర ఇతని చేత నిజం చెప్పించాలని ఆ బస్సులోనే అనుకున్నాను. ఉద్యోగం మానలేదు. రోజూ గుడ్ మార్నింగ్ సార్ అంటూ కాచుకుని కూర్చున్నాను.

కొన్నాళ్లకు మేనేజరు చంద్రగిరి దగ్గర ఇల్లు కట్టాడు. గృహప్రవేశం పత్రికను మా సాఫ్ట్‌వేరులో స్వయంగా తయారు చేసి నన్ను పిలిచి చూపించాడు. తెర మీద ముచ్చటగా ఉంది. ఫాంటు పేరు చూశాను. పసుపు.

"యాడ అచ్చేయిస్తా ఉండారు సార్?"

"చిత్తూర్లో, ఆ పెద్ద ప్రెస్సులో. సుట్టాలకు ఆడినుంచే కొరియరు సేసేస్తానన్నాడు ఆయప్ప. ఎట్లుండాది?"

"బాగుండాది సార్," అన్నాను. టైపింగులో సాయం చేసే మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది?

ఫైలుతో పాటు వెళ్లింది ఫాంటు పేరు మాత్రమే. అక్కడున్న మా సాఫ్ట్‌వేరు చిత్తూరు ప్రెస్సు కంప్యూటరును పసుపు ఉందా అని అడిగింది, ఉంది, ఇచ్చేసింది. పేరు కలిసింది కాబట్టి ఎక్కడా ఆగలేదు. అచ్చయిన పత్రికలు చూసి అక్కడివాళ్లు విస్తుపోయారట. కానీ పంపినవాడు సాఫ్ట్‌వేరు చేసిన పెద్దమనిషి కదా, ఇది ఆయన కోరిక కాబోలు అనుకుని కవర్లలో పెట్టేశారు.

మా వైపు చావు ఉత్తరాన్ని గడప దాటనివ్వరు. బయటే చదివి చించేస్తారు. పత్రిక నెత్తిన వినాయకుడున్నా ఆయన చుట్టాలు ముందు చూసింది అక్షరాలనే. కొందరు చదవకుండానే చించేశారు. కార్వేటినగరంలో ఆయన మేనత్త కవరు తెరవగానే ఏడుపు అందుకుందట. ఆ రోజంతా మేనేజరు ఫోను మోగుతూనే ఉంది. "ఎవురూ పోలేదత్తా. ఇల్లు కట్టినాం. ఇల్లు." నేను ఎదురు సీట్లో కూర్చుని టీ తాగాను. కింది హోటలు టీ అంత బాగుంటుందని అంతకుముందు నాకు తెలియదు. జాలి పడాలనిపించలేదు, పడలేదు.

మరునాడు ఆయనే నా దగ్గరకు వచ్చాడు. చిత్తూరు సంగతి విని మిగతా ప్రెస్సువాళ్లు కూడా సాఫ్ట్‌వేరు తీసేస్తామంటున్నారట. "దాన్ని సరిసెయ్యమ్మా," అన్నాడు.

"సేస్తాను సార్. నా రెండు నియమాలు మళ్లా పెడతాను. అయ్యి ఎవురివో, ఎవురు తీసేసినారో మీరే సెప్పండి. ఆ మండపంలోనే, మైకులోనే."

"అంత అవసరమా?"

"మా నాయన గూడా వస్తాడు సార్."

"నేను సెప్పకపోతే?"

"టైపింగుకు ఇంకెవురినన్నా పెట్టుకోండి."

మండపం నిండింది. మా నాయన అదే ఇస్త్రీ చొక్కాలో, అదే రెండో వరుసలో కూర్చున్నాడు. మేనేజరు మైకు కాస్త దూరంగా పెట్టుకుని, తల వంచుకుని చెప్పాడు. "ఫాంట్ల డిజైన్ అంతా ఈమెదే. నాది కాదు. ఈమె వద్దన్నా నేను మార్పించినందుకే ఈ తప్పు జరిగింది."

హాలు నిశ్శబ్దంగా ఉంది. పాకాలలో మా ఇల్లు రైల్వే స్టేషనుకు చాలా దూరం. అయినా ఏ బండి వచ్చిందో మా నాయన శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడు. ఆయన రెండో వరుసలోంచి నింపాదిగా లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇనపడలేదప్పా. ఇంగోసారి సెప్పు."

మేనేజరు మైకును దగ్గరికి లాక్కుని మొదటినుంచీ మళ్లీ చెప్పాడు.