రెండు గీతలు విడిపోయిన రోజు

ప్రత్యేక రాష్ట్రం కోసం బస్సులన్నీ ఆగిపోయిన ఆ వారం నేను కోరుట్లలో చిక్కుకుపోయాను. బెంగళూరులో పరిశోధన చేస్తున్న రోజులవి. అమ్మకు జ్వరమని వచ్చాను. ఆమె రెండు రోజుల్లో లేచి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నాకే తిరిగి వెళ్లే దారి లేదు.

అక్కడ ల్యాబులో నేను చేసిన సెన్సర్ చల్లబడుతోంది. వెంట్రుక కన్నా ఎంతో పలచని పొర మీద మాలిబ్డినం, దాని మీద బంగారం పరిచిన చిన్న చదరం అది. విపరీతమైన చలిలో దాంట్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. సరిగ్గా ఆ అడ్డు మాయమయ్యే అంచున నిలబెడితే, ఒక్క ఎక్స్-రే కణం తగిలినా ఆ కాస్త వేడికే ఉలిక్కిపడి, ఆ కణం శక్తి ఎంతో చెబుతుంది. చెప్పాలి. దీనికి ముందు చేసిన మూడూ చెప్పలేదు. రెండింటికి కింది పొర ఆరబెట్టేటప్పుడే చిరిగింది. మూడోదాంట్లో బంగారం పరిచేలోగా మాలిబ్డినం గాలి తగిలి పాడైంది. నాలుగోసారి గాలి మొత్తం తోడేసిన డబ్బాలోనే రెండు లోహాలూ వెంటవెంటనే పరిచాను. గ్రాఫులో పక్కపక్కనే ఉండే రెండు ఎక్స్-రే గీతలు మామూలు సెన్సర్లకు ఒకే దిబ్బలా కనిపిస్తాయి. దీనికి విడివిడిగా కనపడాలి. అదే పరీక్ష. నా బదులు గుంటూరు అమ్మాయి ఒకామె కొలతలు చూస్తోంది.

మా పక్కింటి చాచా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. జగిత్యాల దాకా స్కూటరు మీద దింపుతానన్నాడు, అక్కడ ఏదో ఒక జీపు దొరక్కపోదని. ఊరి పొలిమేరలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాల పనివాళ్లు డప్పు కొడుతున్నారు. చాచా దారి అడిగితే, వడ్డిస్తున్న ఒక పెద్దమ్మ మా చేతుల్లో విస్తర్లు పెట్టింది.

"యాడికి వోతరు? కూసోని తినుండ్రి."

పప్పులో చేయి పెట్టానో లేదో ఫోను మోగింది. గుంటూరు అమ్మాయి. "అక్కా, రెండూ విడిపోయాయి," అంది. డప్పుల మోతలో నమ్మకం కుదరక లేచి నిలబడి, "విడిపోయాయా? నిజంగా విడిపోయాయా?" అని గట్టిగా అడిగాను.

డప్పు ఆగింది. పెద్దమ్మ గరిటెతోనే వచ్చింది. "ఏంది బిడ్డా, తెలంగాణ ఇచ్చిండ్రా?"

నేను నోరు తెరిచేలోగా వెనక వరసల్లో కేక పుట్టింది. ఎవరో గులాలు చల్లారు. వద్దు వద్దని చేతులూపి, విడిపోయింది రాష్ట్రం కాదని, నేను చేసిన సెన్సర్లో రెండు గీతలని అరిచి చెప్పాను. కొడతారేమో అనుకున్నాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు జేసిందేనా?"

"నేనే చేసిన పెద్దమ్మా. మూడుసార్లు ఖరాబైంది. నాలుగోసారికి అయింది."

ఆమె డప్పుల వైపు తిరిగింది. "కొట్టుండ్రి మరి. గీ పిల్లది అయింది, మనది గూడ అయితది."

ఫోనులో ఆ గోల ఏమిటని అడుగుతోంది అమ్మాయి. రాష్ట్రం సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తేవాళ్లం కాదు. అయినా జరిగింది చెప్పేశాను. ఆమె పగలబడి నవ్వింది. నేనూ రోడ్డు మధ్యలో నిలబడి నవ్వాను.

ఆ రోజు జీపు దొరకలేదు, నేను వెతకనూ లేదు. పెద్దమ్మ ఇంకో గరిటె పప్పు పోసి, గా గీతలు దేనికి పనికొస్తయని అడిగింది. ఇలాంటివి ఉపగ్రహంలో పెట్టి పైకి పంపితే చుక్కల్లో ఏ లోహం ఎంత ఉందో తెలుస్తుందన్నాను. ఆమె కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని, మండుతున్న ఆకాశంలోకి చూసింది.

"పగటిపూట గూడనా?"

"పగటిపూట గూడ, పెద్దమ్మా."