రెబెకా అడిగిన నలభై జీబీ

వనపర్తి బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్లో పనిచేసే రెబెకా కంప్యూటర్ చదువేమీ చదవలేదు. ఊరు లింగాల పక్కన. అమ్మ కాంతమ్మతో పాటు పుణెలో బిల్డింగు పనుల దగ్గర రేకుల షెడ్లలో పెరిగింది. ఫోన్లో వీడియోలు చూస్తూ, పాడైన కంప్యూటర్లు విప్పి బిగిస్తూ, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించడం నేర్చుకుంది. సెంటరు నడిపే మహిపాల్‌కు ఆమె పని కావాలి. ఆమె మాట మాత్రం గిట్టదు.

నిరుడు దసరా ముందు సెంటర్లో ఉన్న ఒక్క కంప్యూటరుకు కొత్త డిస్కు తెచ్చారు, రెండు వందల నలభై జీబీ. దాన్ని రెండు భాగాలు చేయాలి. ఒకటి లినక్స్ సిస్టమ్‌కు, ఇంకొకటి ఫైళ్లకు. రెబెకా సిస్టమ్‌కు నలభై పెట్టబోయింది.

"నలభయ్యా? ఏం, తింటదా అది?" అన్నాడు మహిపాల్. "పదిహేను పెట్టు. మిగిలిందంత ఫైళ్లకే."

"సాలదన్నా. వారం వారం అప్‌డేట్లొస్తయి. ప్రింటుకు పోయే కాగితం గూడ ముందుగాల ఆడనే ఆగుతది."

"షెడ్లల్ల పండుకున్నోళ్లు నాకు జాగ లెక్క చెప్పవట్టిండ్రు!"

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. రెబెకా పదిహేనే పెట్టింది.

ఆ మాటకు కోపం రాలేదా అని ఈ మధ్య ఆమెను అడిగాను. అమ్మ యాదికొచ్చింది అని చెప్పింది. పుణెలో ఒక్క గదిలో పన్నెండు మంది ఉండేవారట. ఎవరి చాప ఎక్కడ పరవాలో మేస్త్రీ సాయన్న చెప్పేవాడు. ఒకసారి కొత్తగా వచ్చిన ఇద్దరికి పొయ్యి మూల ఇచ్చేశాడు. ఇక వారమంతా వంట బయట, వానలో. గదిలో అందరూ ఉడికీ ఉడకని అన్నం తిన్నారు. ఎనిమిదో రోజు కాంతమ్మ ఆ రెండు చాపలూ గుంజి బురదలోకి విసిరింది. "ఇంకోపారి పొయ్యి జాగల చాప కనవడితే పొయ్యిలనే పెడ్త" అంటూ మేస్త్రీ మీదికి పోయింది.

రెబెకా అలా మీదికి పోలేదు. నిండిపోతున్న సిస్టమ్ భాగంలో పాత అప్‌డేట్లు తీసేస్తూ ఏడు నెలలు నెట్టుకొచ్చింది. రెండుసార్లు చెప్పి చూసింది. పని తప్పించుకోవడానికి సాకులన్నాడు మహిపాల్.

మే నెలలో, ఒక పరీక్ష దరఖాస్తులకు గడువు ముగిసే రోజు పొద్దున, పాస్‌వర్డు కొడితే తెర నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడిగింది. బయట వరస రోడ్డు దాకా ఉంది.

"ఏం జేసినవ్ దాన్ని?" మహిపాల్ అందరి ముందే అరిచాడు. "పొద్దుమీకేలోపల లేవకపోతే రేపటి సంది రాకు."

"నిండిందన్నా. తీసేసేతందుకు ఇంకేం మిగల్లే. ఫైళ్ల జాగ తగ్గిచ్చి దీనికియ్యాలె."

"ఇయ్యి మరి!"

"ముందు ఫైళ్లన్ని బయటి డిస్కుల కాపీ చేస్త. జరుపుతుంటె నడుమల ఆగిందంటె అన్నీ పోతయి. రెండూ కలిపి అయిదు గంటలు."

"కాపీ గీపీ లేదు. సీదా జరుపు."

"జరప."

వరసలో ముందున్న వనజ, బిడ్డ దరఖాస్తు కోసం వచ్చినామె, తల లోపలికి పెట్టింది. "ఆ పిల్ల చెప్పేది ఇనరాదయ్యా! మా బిడ్డ మార్కుల మెమో గూడ అండ్లనే ఉండె."

"నువ్వు లైన్ల నిలవడు!"

సిస్టమ్ లేవకపోయినా కంప్యూటరును తెరిచే పెన్‌డ్రైవ్ రెబెకా సొంతది. దాన్ని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. "కొలువు పోతె ఇంకోకాడ దొరుకుతది. ఆ మెమోలు పోతె నా చేతులతోని పోయినట్టే గదా" అని తర్వాత నాతో చెప్పింది.

చివరికి మహిపాల్ బయటి డిస్కును బల్లమీద విసిరాడు. "సావు!"

కాపీ అయ్యాక రెండు భాగాల మధ్య హద్దు జరపడం మొదలైంది. తెరమీద నీలం గీత చీమలా కదులుతోంది. వరసలో సగం మంది పక్క దుకాణానికి పోయారు. పోయిన ప్రతి మనిషికీ రెబెకాకు ఒక తిట్టు. ఆపేద్దామని మహిపాల్ రెండుసార్లు స్విచ్చు దగ్గరికి వచ్చి పోయాడు. మూడోసారి చేయి చాపాడు. రెబెకా కుర్చీ జరిపి, వీపు స్విచ్చుబోర్డుకు ఆనించి కూర్చుంది.

"ముట్టకు. ముట్టినవంటె గిది గిట్లనే ఇడిసిపెట్టి పోత."

మూడున్నరకు కంప్యూటర్ లేచింది. రెబెకా మొదట వనజ బిడ్డ దరఖాస్తు పంపింది. అయిదింటి దాకా వరస నడిచింది.

షట్టర్ దించుతూ మహిపాల్ అన్నాడు: "గీ మాట అప్పుడే గట్టిగ చెప్పొద్దా?"

"చెప్పిన. పదిహేనన్నది నువ్వు."

"నోరెక్కువైంది నీకు."

రేపు రావద్దని మాత్రం అనలేదు.

పోయిన నెల ఇంకో కంప్యూటర్ కొన్నారు. డిస్కు పంచే తెర వచ్చేసరికి మహిపాల్ కీబోర్డును ఆమె వైపు తోసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. "ఎంతన్న పెట్టుకో. నన్నడగకు."

రెబెకా అంకె కొట్టింది. ఎంటర్ నొక్కేముందు, బయట వరసలో ఉన్నవాళ్లకు కూడా వినపడేలా చదివింది.

"సిస్టంకు నలభై పెడుతున్నన్నా!"