చింపాంజీతో వరస కలిపిన లచ్చన్న

నిన్న పొద్దున బడి గ్రూప్‌లో మెసేజ్. లచ్చన్న ఇక లేరని.

మొన్న సాయంత్రమే ఫోన్‌లో మాట్లాడాం. హార్ట్ ఎటాక్ అట. భద్రాచలం తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు.

ఏడుపు కూడా రాలేదు. చెప్పులేసుకుని వాళ్లింటికి బయల్దేరాను.

తెలియనివాళ్లకు చెప్తున్నాను. కిష్టారం దగ్గర అడవి ఊళ్లో మా బడిలో ఆయన సైన్స్ సార్, నేను లెక్కల టీచర్ని.

ఎవల్యూషన్ లెసన్ వస్తే ఏటా అదే ప్రశ్న. కోతి మనిషైతే, ఇంకా కోతులెందుకున్నాయి సార్?

ఆయన నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టేవారు. కోతి మన తాత కాదు, చింపాంజీ కూడా కాదు. మనకూ దానికీ పూర్వీకులు ఒకరే, వాళ్లిప్పుడు లేరు. మనం కజిన్స్ అంతే.

కజిన్ అంటే ఏ వరస అని పిల్లలు అడిగారు. పెదనాన్న బిడ్డలైతే అన్నదమ్ములు, మేనమామ బిడ్డలైతే బావామరదళ్లు. మన దగ్గర ఉత్త కజిన్ ఎక్కడుంది?

ఈయన ఆలోచించకుండా "బావ అనుకోండ్రి" అనేశారు.

మర్నాడు ఊరిపెద్ద స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. "ఏంది సారూ, మా పిల్లను చింపాంజీకి ఇమ్మంటవా?"

నాకు నవ్వాగలేదు. లచ్చన్న మాత్రం చేతులు జోడించారు. "తప్పైంది పెద్దాయనా. పెదనాయన కొడుకు వరస. పిల్లనిచ్చేది లేదు."

మా సుక్కి విషయంలో మాత్రం ఆయన నవ్వించే మాట ఒక్కటీ అనలేదు.

సుక్కి మా బడి పిల్ల. పై చదువుకి జగదల్‌పూర్ హాస్టల్‌కి వెళ్లింది. అక్కడ క్లాసు గోడ మీద చార్ట్, కోతి నుంచి మనిషి దాకా వరుసగా నడిచే బొమ్మలు. మధ్యలో వంగి ఉన్నదాన్ని చూపించి తోటి పిల్లలు "యే తుమ్ హో, జంగల్‌వాలీ" అన్నారట, ఇది నువ్వే అడవిదానా అని. పిల్ల ఇంటికొచ్చేసి ఇక చదవనంది.

లచ్చన్న దాన్ని బస్సెక్కించుకుని వెళ్లారు. ఆ క్లాసులో నిలబడి హిందీలో చెప్పారు. ఈ బొమ్మే తప్పు, ఎవల్యూషన్ ఇలా లైన్‌లో నడవదు. ఇవాళ బతికున్న మనుషులందరూ ఒకే మనుషులు, సగం దారిలో ఆగినవాళ్లు ఎవరూ లేరు.

తిరిగొచ్చాక నాతో, "ఎన్నిసార్లని చెప్పాలమ్మా" అన్నారు. అంత అలసిపోయి ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

సుక్కి అక్కడే ఉండి చదువుకుంది. ఇప్పుడు బీఎస్సీ.

నిన్న మధ్యాహ్నానికల్లా వచ్చింది. చాలాసేపు ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. తర్వాత నాతో ఒక్క మాటే అంది.

"నన్ను మనిషి కాదన్నరు మేడం. అప్పుడు సారొక్కరే వచ్చిన్రు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

లచ్చన్నా, ఇక ఎవరికీ మళ్లీ మొదట్నుంచి చెప్పే పని లేదు. చల్లగా నిద్రపోండి.