నట్టు మీద ఎర్ర గీత

తుకారాం రైల్వే సిగ్నల్ విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. రిటైరై అయిదేళ్లయినా అక్కడి అలవాటొకటి పోలేదు. ఏ నట్టు బిగించినా, నట్టునూ బోల్టునూ కలుపుతూ ఎర్రరంగు గీత గీస్తాడు. మళ్లీ వచ్చినప్పుడు గీత విడిపోయి ఉంటే నట్టు వదులైనట్టు. విడిపోకపోతే పానా తీయనక్కర్లేదు.

ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఉంటూ, ఇళ్ల మధ్య వైఫై కలిపే పని చేస్తున్నాడు.

నేరేడ్‌మెట్‌లో జ్ఞానశేఖర్ మాస్టారికి ఒకే ఆవరణలో రెండిళ్లు. ముందిల్లు కొత్తది. ఎనభై అడుగుల వెనక, ఆయన తండ్రి కట్టించిన పాత రెండంతస్తుల ఇల్లు. అందులో కింద తల్లి కాంతమణి, పైన కూతురు షెకీనా ఉంటారు. షెకీనాకు ఇంటి నుంచే ఆఫీసు పని. నెట్ ముందింట్లో ఉంది. తీగ లాగితే కోతులు రెండుసార్లు తెంపాయి. అందుకని ఏప్రిల్‌లో తుకారాం రెండు డాబాల మీదా చిన్న డిష్‌లు ఎదురెదురుగా బిగించాడు. వాటి సిగ్నల్ దారం లాగినట్టు సన్నగా పోతుంది, డిష్ కాస్త తిరిగినా తెగుతుంది. డిష్ కదిలితే తెలిసేలా వెనకింటి డిష్‌కు ఒక గొట్టం కట్టి, అందులోంచి చూస్తే ముందింటి గోడ మీద ఏ చోటు కనిపిస్తుందో అక్కడ ఎర్ర చుక్క పెట్టాడు.

జూన్‌లో షెకీనా ఫోన్ చేసింది. "అంకుల్, మీటింగ్‌లో నోరు తెరిచి ఆగిపోతున్నానంట. నా ఫోటోల్లో అదే బెస్ట్ అంటున్నాడు మా మేనేజర్."

తుకారాం గొట్టంలోంచి చూస్తే చుక్క కిందికి జారి ఉంది. కోతి ఎక్కి కూర్చుందనుకున్నాడు. సరిచేసి కొత్త గీత గీశాడు. రెండు వారాలకు మళ్లీ అదే. మళ్లీ సరిచేశాడు.

మూడోసారి పానా తీసిన చెయ్యి ఆగిపోయింది. ముందు గీత చూశాడు. వెంట్రుకంత కూడా విడిపోలేదు. గొట్టంలో చుక్క మాత్రం లేదు.

డిష్ కదల్లేదు.

సంచిలోంచి దారం తీసి, చివర నట్టు కట్టి, వెనక వైపు పిట్టగోడ మీంచి వదిలాడు. పైన గోడను తాకిన దారం, కిందికి వచ్చేసరికి గోడకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆ వెంటే ప్రహరీ, దాని అవతల అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గొయ్యి. అడుగున వాన నీళ్లు. మధ్యాహ్నం భోజనాలకు ఆగిన రాళ్లు కొట్టే మిషను.

ఇల్లు గోతి వైపు ఒరుగుతోందంటే మాస్టారు విని నవ్వాడు. "పాత ఇల్లు కదా తుకారాం గారూ, కట్టినప్పుడే అలా ఉండొచ్చు. ఆదివారం చర్చి అయ్యాక ఇంజినీరును పిలుస్తాను. మీరు నెట్ సంగతి చూడండి."

"నెట్ చూస్తుంటేనే కనబడ్డది సార్. గీత చూడకుంట రెండుసార్లు సరిచేసి నేనే కప్పిపెట్టిన. ఇయ్యాలనే ఖాళీ చేయుండ్రి."

"ఇంట్లో ఆడవాళ్లను భయపెట్టకండి."

తుకారాం వెనకింటికి నడిచాడు. పైకెళ్లి డిష్ ఊడదీసి సంచిలో వేసుకున్నాడు.

"అంకుల్, పావుగంటలో కాల్ ఉంది నాకు," అంది షెకీనా.

"ముందింట్ల కూసో బిడ్డా. ఇది ఖరాబైంది, జెర టైం పడ్తది."

ఆమె విసుక్కుంటూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లింది. తుకారాం ఊపిరి పీల్చుకుని కిందికి దిగాడు.

వరండాలో కాంతమణి గోంగూర ఒలుస్తోంది. ఈమెను ఎలా కదిలించాలో అతను ఆలోచించలేదు.

"అమ్మా, మీరు సుత ముందింటికి పోండ్రి."

"నాకు నెట్‌తో పనేంటయ్యా? ఈ తలుపు చూడు, పొద్దుట్నుంచి దానంతటదే మూసుకుంటోంది. వెళ్లేలోపు దానికేదైనా అడ్డం పెట్టు."

ప్రహరీ అవతల మిషను షురూ అయింది. ఆమె పక్కనున్న స్టీలు గ్లాసులో నీళ్లు వణికాయి.

తుకారాం వంగి గోంగూర చేట ఎత్తుకుని, గబగబా ముందింటి వైపు నడిచాడు.

"ఏమయ్యా, మతిపోయిందా? తెస్తావా, నన్ను రమ్మంటావా?" ఆమె కర్ర అందుకుని తిట్టుకుంటూ వెంటబడింది. అతను వెనక్కి చూడలేదు. ఆ తిట్లు దగ్గరవుతున్నాయా అని మాత్రం వింటూ నడిచాడు.

ఆమె ముందింటి మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు వెనక, గోతిలోని నీళ్లలో బరువైనదేదో పడిన చప్పుడు. మిషను ఆగిపోయింది. పాత డాబా మీద వెనకవైపు పిట్టగోడ ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తోంది.

మాస్టారు బయటికి పరుగెత్తుకొచ్చాడు. చేట ఇంకా తుకారాం చేతుల్లోనే ఉంది.

"ఆ ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా సార్?"

మాస్టారు తల్లిని చూశాడు, కిటికీలోంచి కూతురిని చూశాడు. ఒక్కొక్క వేలే మడుస్తూ ఇంట్లోవాళ్లను లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.